పిల్లాడు చదువులో వెనకబడితే బడిలో సాయం ఎలా అడగాలి?

మా నల్లగొండ జిల్లాలో వైకల్యం అనగానే మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంకరపోయిన కాళ్లే గుర్తొస్తాయి. అవి ఊరందరికీ కనిపిస్తాయి. అక్షరాలు తారుమారు చేసి రాసే పిలగాడూ, వెనక బెంచీలో సగమే వినబడే పిల్లా ఎవరి కంటా పడరు. ‘మొద్దు’ అని వదిలేస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో వినికిడి లోపం, ఆటిజంతో పాటు చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బందులు కూడా ఉన్నాయి.

ముందు ఒక నోటుబుక్కు పెట్టుకుని రెండు వారాలు గమనించండి. ‘చదవడు’ అని రాసుకుంటే ఎవరికీ పనికిరాదు. ‘బోర్డు మీది రాసుకోలేడు, నోటితో అడిగితే టకటకా చెప్తాడు’ అని రాసుకోండి. ఆ తర్వాత కళ్లు, చెవులు చూపించండి. కళ్లద్దాలతో తీరిపోయే సమస్యకు ఏడాదంతా దెబ్బలు తిన్న పిల్లలున్నారు.

ఆ నోటుబుక్కు తీసుకుని హెచ్ఎం దగ్గరికి వెళ్లండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రంలో ఉండే ఐఈఆర్పీ (అలాంటి పిల్లలకు చదువు చెప్పే) టీచర్‌కు పిల్లాడిని చూపించమని తెల్లకాగితం మీద రాసివ్వండి. ఇంకో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాట సార్ బదిలీ అయితే ఆయనతోనే పోతుంది. యూడైస్ (బడి, పిల్లల వివరాలు ఎక్కించే సర్కారు ఆన్‌లైన్ రికార్డు) వివరాల్లో ప్రత్యేక అవసరాల గడిలో పేరు ఎక్కిందో లేదో కూడా అడగండి. అసలు బడికే రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉంది, అదీ ఐఈఆర్పీనే అడగాలి.

వైకల్య సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగొద్దు, బడిలో చేరడానికి దాంతో పనిలేదు. ఆ పని పక్కన నడవనివ్వండి. జనం ఇంకా పాత పేరుతో సదరం సర్టిఫికెట్ అనే అంటారు గానీ, ఇప్పుడు ఇచ్చేది యూడీఐడీ, అంటే వైకల్య గుర్తింపు కార్డు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు.

అసలు పని తరగతి గదిలో ఉంటుంది. టీచర్‌ను పెద్ద పెద్దవి అడిగి భయపెట్టకండి. ముందు వరస బెంచీలో చోటు, నోటితో జవాబు చెప్పే వీలు, పది లెక్కల బదులు ఐదు, మాట్లాడేటప్పుడు పిల్లాడి వైపు తిరగడం, వీటికి పైసా ఖర్చు లేదు. నెలకు ఒక్కటే అడగండి. అరవై మంది పిల్లల్లో సార్‌కు గుర్తుండేది కూడా ఒక్కటే. నెలాఖరున వెళ్లి ‘ఏమైనా తేడా ఉందా సార్?’ అని కనుక్కోండి. లేకపోతే ఇంకోటి.

పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) కావాలంటే తొమ్మిదిలోనే కాగితాలు సిద్ధం చేసుకోవాలి. హాల్‌టికెట్ వచ్చాక పరుగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

పాలమూరు నుంచి పుణె, ముంబయి పనులకు పోయే కుటుంబాలైతే కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది. అక్కడి బడిలో మొదటి రోజే చూపించండి.