టైమింగ్ పల్స్‌ను కౌంటర్‌కు కలిపే ముందు: వోల్టేజి హద్దు, థ్రెషోల్డ్

కౌంటర్‌కు (పల్సుల మధ్య సమయాన్ని కొలిచే పరికరం) కేబుల్ పెట్టకముందే పల్స్ ఎత్తెంతో, అంటే ఎన్ని వోల్టులో, ఆసిలోస్కోప్‌లో చూడండి. స్కోప్ ఇన్‌పుట్ 1 మెగాఓమ్, డీసీ కప్లింగ్‌లో (స్థిర వోల్టేజినీ లోపలికి వదిలే సెట్టింగు) ఉండాలి. మల్టీమీటర్‌ను నమ్మొద్దు. సెకనుకొకసారి 100 మిల్లీసెకన్ల పాటు వచ్చే 5 వోల్టుల పల్స్‌కు సగటు అర వోల్టే.

చాలా కౌంటర్లలో 50 ఓమ్‌ల ఇన్‌పుట్ 5 వోల్టుల ఆర్‌ఎంఎస్ (అంతే వేడి పుట్టించే డీసీ వోల్టేజి) వరకే ఆగుతుంది. అప్పటికే లోపలి రెసిస్టర్‌లో అర వాట్ వేడి పుడుతుంది. పల్స్ రావాల్సిన తీగలో 12 వోల్టులు నిలిచిపోతే ఆ వేడి 2.88 వాట్లు, రెసిస్టర్ మాడిపోతుంది. 1 మెగాఓమ్‌లో హద్దు బాగా ఎక్కువ. అందుకే అక్కడ హాయిగా నడిచిన సిగ్నల్, 50 ఓమ్‌లకు మార్చిన క్షణంలో ఇన్‌పుట్‌ను కాల్చేయగలదు. రెండు సెట్టింగులకూ మీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెలు విడివిడిగా చూసుకోండి.

పల్స్‌ను కౌంటర్‌కు బదులు మైక్రోకంట్రోలర్‌కు ఇస్తుంటే, 3.3 వోల్టుల పిన్‌కు సాధారణంగా 3.6 వోల్టులు దాటకూడదు. 5 వోల్టుల పల్స్ అయితే సిరీస్‌లో 1 కిలోఓమ్, పిన్ నుంచి గ్రౌండ్‌కు 2 కిలోఓమ్‌లు పెడితే 3.33 వస్తుంది. పిన్ దగ్గర 10 పికోఫారడ్లుంటే అంచు సుమారు 7 నానోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో మందగిస్తుంది. ఆర్‌ఎస్-232 (సీరియల్ పోర్టు) తీగకు ఈ రెండు రెసిస్టర్ల డివైడర్ చాలదు, అది మైనస్‌లోకీ వెళ్తుంది. దానికి రిసీవర్ చిప్ వాడాలి.

ఇక థ్రెషోల్డ్, అంటే అంచు ఏ వోల్టేజి దాటినప్పుడు కౌంటర్ సమయం నమోదు చేస్తుందో ఆ లెవెల్. ఆటో ట్రిగ్గర్ (ఆ లెవెల్‌ను కౌంటరే ఎంచుకునే సెట్టింగు) ఆపేయండి. సెకనుకొక్క పల్స్ వస్తుంటే, అది ఎత్తు వెతికే వ్యవధిలో పల్సే దొరక్కపోవచ్చు. కప్లింగ్ డీసీ. ఏసీలో పెడితే పల్స్ వెడల్పు, రేటు మారినప్పుడల్లా బేస్‌లైన్ కదులుతుంది.

లెవెల్ ఎక్కడ పెట్టాలి? అంచు అత్యంత నిటారుగా ఉన్నచోట. నాయిస్‌ను ఆ చోటి వాలుతో భాగిస్తే వచ్చేదే జిట్టర్, అంటే నమోదైన సమయంలోని ఊగిసలాట. నానోసెకనుకు 0.5 వోల్టు ఎక్కే అంచు మీద 5 మిల్లీవోల్టుల నాయిస్ 10 పికోసెకన్లే. అదే నాయిస్, మైక్రోసెకనుకు 5 వోల్టులెక్కే అంచు మీద 1 నానోసెకను.

లోపల 50 ఓమ్‌లున్న 5 వోల్టుల సోర్స్‌ను 50 ఓమ్‌ల ఇన్‌పుట్‌కు కలిపితే అందేది 2.5 వోల్టులు, కాబట్టి 1.25 దగ్గర మొదలుపెట్టండి. చివర టర్మినేషన్ (అలను మింగేసే 50 ఓమ్‌ల రెసిస్టర్) లేని కేబుల్ మధ్యలో టీ (మూడు దారుల కనెక్టర్) పెట్టి 1 మెగాఓమ్‌లో ఉన్న కౌంటర్‌కు తీశారా, అక్కడ 1.25 నయం, 5లో సగమైన 2.5 లెవెలే చెడ్డది. తొలి అల 2.5 దగ్గర మెట్టులా ఆగుతుంది, చివరి నుంచి తిరిగొచ్చిన అలతోనే 5కి చేరుతుంది. టీ తర్వాత మీటరు కేబుల్‌కు ఆ మెట్టు 10 నానోసెకన్లు. లెవెల్ సరిగ్గా దానిమీద పడితే రీడింగ్ రెండు విలువల మధ్య ఊగుతుంది.

పరీక్ష తేలిక. లెవెల్‌ను 100 మిల్లీవోల్టులు కదపండి. నానోసెకనుకు 0.5 వోల్టు ఎక్కే అంచయితే రీడింగ్ 0.2 నానోసెకన్లు జరగాలి. పది నానోసెకన్లు దూకిందంటే ముందు స్కోప్‌లో ఆ మెట్టు కోసం వెతకండి.