పాత కారు ఇగ్నిషన్, నాలుగో పాఠం: డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ కట్టడం

కిందటి పాఠంలో పాయింట్ల (తెరుచుకున్నప్పుడల్లా స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) గ్యాప్ 0.015 అంగుళం (0.38 మి.మీ.) పెట్టి, ఇంజను ఆపి స్టాటిక్ టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ, కట్టాం. చాలా షెడ్లలో పని అక్కడితోనే బందు. నార్కట్‌పల్లి దాటి విజయవాడ రోడ్డు మీద 70లో పోయే అంబాసిడర్‌కు ఆ ఒక్క లెక్క చాలదు. 1000 ఆర్పీఎం దగ్గర క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక మిల్లీసెకనుకు 6 డిగ్రీలు తిరుగుతుంది, 3000 దగ్గర 18 డిగ్రీలు. మంట సిలిండరంతా పాకే సమయం మాత్రం ఆ మేరకు తగ్గదు. కాబట్టి వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందే పడాలి, దీన్నే అడ్వాన్స్ అంటాం. ఒక్కో ప్లగ్గుకు వంతుగా కరెంటు పంపే డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉన్న రెండు బరువులు, రెండు స్ప్రింగులు చేసేది ఈ పనే.

ఇక్కడి అంకెలు 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్, లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్‌కు. ప్రీమియర్ పద్మినికీ పద్ధతి ఇదే, అంకెలు మాత్రం ఆ బండి మాన్యువల్ నుంచి తీసుకోండి.

ముందు డిస్ట్రిబ్యూటర్ బాగుందా?

క్యాప్ తీసి, లోపల తిరిగే రోటర్‌ను పక్కలకు ఊపండి. షాఫ్ట్ కదులుతుంటే బుష్ అరిగింది. పాయింట్ల గ్యాప్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా వస్తుంది, టైమింగ్ లైటు (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే లైటు) కింద పుల్లీ గుర్తు గంతులేస్తుంది. బుష్ మార్చకుండా ముందుకు పోతే శ్రమ దండగ.

తర్వాత రోటర్‌ను అది తిరిగే వైపే (అంబాసిడర్‌లో గడియారానికి ఎదురు దిశ) వేళ్లతో తిప్పి వదలండి. దబ్బున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే, సగంలో ఆగితే, పాత గ్రీజు గట్టిపడి బరువులను పట్టేసినట్టు. మన ఎర్రమట్టి దుమ్ము ఆ జిడ్డులో కలిసిందంటే ఇక కదలదు. పాయింట్లు కూర్చున్న బేస్ ప్లేట్ విప్పి కిరోసిన్‌తో కడిగి, బరువుల ఇరుసులకు ఒక్కో చుక్క పల్చటి నూనె వేయండి. రోటర్ కింద కనిపించే స్క్రూ తల మీద రెండు మూడు చుక్కలు వేస్తే కామ్ ఇరుసుకు దిగుతుంది. పాయింట్లకు మాత్రం నూనె తగలొద్దు.

విప్పినప్పుడే స్ప్రింగులు చూడండి. ఒకటి సన్నది, ఒకటి లావుది. లావుదాని కొక్కెం సాగిపోయినట్టు వదులుగా ఉంటుంది. అది పాడవడం కాదు, తయారీయే అంత. మొదటి కొన్ని డిగ్రీలు సన్న స్ప్రింగే ఆపుతుంది, ఆ వదులు తీరాక లావుది పట్టుకుంటుంది. ఆ కొక్కేన్ని ప్లయర్‌తో నొక్కి బిగించినా, రెండూ ఒకేలాంటివి వేసినా అడ్వాన్స్ తీరే మారిపోతుంది. షెడ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

బరువుల పైన కామ్ మీద ఒక అంకె కొట్టి ఉంటుంది. 12 అని ఉందనుకోండి. అది డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు, క్రాంక్ దగ్గర రెట్టింపు, 24. ఈ లెక్క మరిచి పన్నెండే అనుకున్నవాళ్లు ఇంజను టకటకమని కొట్టుకునేదాకా అడ్వాన్స్ ఎక్కిస్తారు.

పుల్లీ మీద గుర్తులు

ముందు కవర్ మీది ముళ్లు 10 డిగ్రీల వరకే చూపుతాయి. మనకు 30 కావాలి. మొదటి సిలిండర్‌ను టీడీసీకి (పిస్టన్ పైకొసకు) తెచ్చి, పుల్లీ మీది గాటుకు ఎదురైన ముల్లును ఆధారం చేసుకోండి. పుల్లీ వ్యాసాన్ని 3.14తో గుణించి 360తో భాగిస్తే ఒక డిగ్రీ ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 140 మి.మీ. పుల్లీ అయితే 10 డిగ్రీలకు 12.2, 20కి 24.4, 30కి 36.6 మి.మీ. గాటు నుంచి పుల్లీ తిరిగే వైపు ముందుకు కొలిచి తెల్ల పెయింట్ గీతలు పెట్టండి. వెనక్కి కొలిస్తే కొలత తలకిందులవుతుంది.

లైటుతో కొలత

పొద్దుగూకినంక చేయండి. ఎండలో లైటు గీత కనబడదు. టైమింగ్ లైటు క్లిప్పు ఒకటో ప్లగ్గు వైరుకు తగిలించండి. వాక్యూమ్ పైపు డిస్ట్రిబ్యూటర్ దగ్గర పీకి, దాని మూతికి ఒక స్క్రూ దూర్చండి. ఇంజను బాగా వేడెక్కాక మొదలుపెట్టండి. ఒక హెచ్చరిక: ఆ లైటులో తిరుగుతున్న ఫ్యాను ఆగినట్టే కనిపిస్తుంది. చెయ్యి, వైరు, తువ్వాల అటు పోనీయొద్దు.

ఐడిల్ నుంచి మొదలుపెట్టి 500 చొప్పున 3500 దాకా పెంచుతూ, ఒక్కో వేగానికి ఎన్ని డిగ్రీలో రాసుకోండి. ఆర్పీఎం కోసం టాకో ఉన్న మల్టీమీటర్ చాలు. ఆరోగ్యంగా ఉన్న డిస్ట్రిబ్యూటర్‌లో అంకెలు ఇలా నడుస్తాయి: ఐడిల్‌లో 6–8, 1500కు 14, 2000కు 20, 3000కు 30, ఆ పైన కదలిక లేదు. ఐడిల్‌లోనే 15 దాటితే సన్న స్ప్రింగు తెగింది లేదా సాగింది. 2000 వచ్చినా 8 దగ్గరే ఉంటే బరువులు పట్టేశాయి. 3500 దాటినా ఇంకా ఎక్కుతూ పోతే బరువులను ఆపే చోట అరుగుదల ఉంది.

ఇప్పుడు అసలు కట్టడం. మొదట ఐడిల్ సరిచేసి పైది దానంతటది వస్తుందనుకోవడం తప్పు. పైఅంకెనే (ఎక్కువ వేగంలో వచ్చే గరిష్ఠ అడ్వాన్స్) ముందు కట్టాలి, ఇంజనును పాడుచేసేది అదే. అడ్వాన్స్ ఇక పెరగని వేగంలో నిలిపి, బిగింపు బోల్టు వదులు చేసి, గుర్తు 30 మీదికి వచ్చేలా బాడీని మెల్లగ తిప్పండి. రోటర్ తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్, అదే దిశలో అయితే రిటార్డ్ (స్పార్క్ ఆలస్యం). మునివేళ్లతో తిప్పే నట్టు ఉన్న డిస్ట్రిబ్యూటర్‌లో దాదాపు 11 క్లిక్కులకు ఒక డిగ్రీ. 32 దాటనీయకండి. ఐడిల్ ఎంతకు దిగిందో అప్పుడు చూడండి. 10కి పైగా ఉన్నా, సున్నా దగ్గరికి పడిపోయినా తప్పు స్ప్రింగులదీ కామ్‌దీ. బాడీ తిప్పి సర్దొద్దు.

రోడ్డు మీద

డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండి, ఇంజను పీల్పును బట్టి అడ్వాన్స్ పెంచే వాక్యూమ్ డబ్బాకు నోటితో గాలి పీల్చి చూడండి. బేస్ ప్లేట్ కదలాలి, నాలుకతో మూస్తే అక్కడే నిలవాలి. నిలవకపోతే లోపలి డయాఫ్రం (పల్చటి పొర) చిరిగింది. డబ్బా మీద 5-13-10 అని ఉంటే, 5 అంగుళాల పాదరసం దగ్గర మొదలై 13 దగ్గర ఆగుతుంది, మొత్తం 10 డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు.

పైపు తిరిగి పెట్టి, నలుగురిని ఎక్కించుకొని అచ్చంపేట దాటి మన్ననూరు ఘాట్ ఎక్కండి. నాలుగో గేరులో, తక్కువ వేగంలో పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు టకటకమంటే అడ్వాన్స్ తొందరగా ఎక్కుతోంది. సన్న స్ప్రింగు బలహీనం, బాడీ ముట్టొద్దు. మంచి వేగంలో, పూర్తి లోడులో శబ్దం వస్తే పైఅంకె 2 డిగ్రీలు తగ్గించండి. సమతల రోడ్డు మీద కాలు సగం మోపి పోతున్నప్పుడు మాత్రమే వస్తే వాక్యూమ్ డబ్బా ఎక్కువ ఇస్తోంది. ఎప్పుడూ శబ్దం లేదు, కానీ బండి గుంజదు, సైలెన్సర్ మానిఫోల్డ్ విపరీతంగా వేడెక్కుతోందంటే రిటార్డ్ ఎక్కువైంది.

ఈ చివరిది మన దగ్గర మామూలు. మే నెలలో నల్లగొండ 44 డిగ్రీలు చూస్తుంది. బండి కొట్టుకుంటోందని షెడ్డులో టైమింగ్ బాగా వెనక్కి నెడతారు. శబ్దం పోతుంది, ఆలస్యంగా మండిన వేడి నీళ్లకు ఎక్కుతుంది, రేడియేటర్ మరుగుతుంది, తర్వాత రేడియేటర్‌నే తిడతారు. ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌తో ఇంకో తికమక ఉంది. ఇథనాల్ వల్ల కార్బురేటర్ పాత జెట్ ఇచ్చే పెట్రోల్-గాలి మిశ్రమం పలచబడి, కాలు నొక్కగానే బండి తడబడుతుంది. అడ్వాన్స్ ఎంత తిప్పినా అది పోదు, జెట్ చూడాలి.

అంతా కుదిరాక బోల్టు బిగించండి. బిగించేటప్పుడు బాడీ ఒకటి రెండు డిగ్రీలు జరుగుతుంది, లైటుతో మళ్లీ చూడండి. పాయింట్ల గ్యాప్ ఎప్పుడు ముట్టుకున్నా ఈ కొలత మొదటినుంచి చేయాల్సిందే, గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి. డిస్ట్రిబ్యూటర్ బాడీకీ ఇంజనుకూ కలిపి సన్న ఉలితో ఒక గీత కొట్టి, రాసుకున్న అంకెల కాగితాన్ని బోనెట్ లోపల అంటించండి.