ప్రైమరీ పోరు తేలకముందే ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే విధానం

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిత్వం ఖరారు కాకముందే ఉపాధ్యక్ష అభ్యర్థిని ప్రకటించదలచినవారు, ఆ పేరు తెచ్చే ప్రతినిధుల (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునేవారి) ఓట్లతో పాటు పోగొట్టే ఓట్లను కూడా రాష్ట్రాలవారీగా లెక్కించుకోవాలి. ఈ రెండో లెక్కే కీలకం. 1976లో రొనాల్డ్ రీగన్, పెన్సిల్వేనియా ప్రతినిధులను ఆకర్షించేందుకు ఉదారవాదిగా పేరున్న ఆ రాష్ట్ర సెనేటర్ రిచర్డ్ ష్వైకర్‌ను రిపబ్లికన్ మహాసభకు మూడు వారాల ముందు ప్రకటించారు. ఆశించిన ఓట్లు రాకపోగా, మిసిసిపీ సంప్రదాయవాదులు నొచ్చుకున్నారు, చివరకు ఆయన ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ 1,187–1,070 తేడాతో గెలిచారు. కనుక సొంత వర్గం సమ్మతిని ముందుగా పొందడం తప్పనిసరి.

ప్రకటనను మరీ ఆలస్యం చేయకూడదు. 2016లో రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీపడిన టెడ్ క్రూజ్, ఇండియానా ప్రైమరీకి (పార్టీ అభ్యర్థి ఎంపిక కోసం రాష్ట్రంలో జరిగే ఎన్నికకు) ఆరు రోజుల ముందు కార్లీ ఫియోరినాను ప్రకటించి, అక్కడ ఓడిన రాత్రే వైదొలిగారు.

ప్రత్యర్థి చేత కూడా పేరు చెప్పించాలనుకుంటే, పోటీదారులు ఉపాధ్యక్ష అభ్యర్థి పేరును ముందే చెప్పాలంటూ రీగన్ వర్గం తెచ్చిన 16-సి నియమం వీగిపోయినట్లు మీ ప్రతిపాదన వీగిపోకుండా, మహాసభలో తగిన బలాన్ని ముందే కూడగట్టుకోవాలి.