జపనీస్ స్వయంబోధిని – 9వ పాఠం: టోక్యో వీధిలో ‘తె ఇమస్’

ప్రాణమున్నవాటికి ‘ఇమస్’, లేనివాటికి ‘అరిమస్’ వాడాలని గత పాఠంలో చూశాం. అంతకు ముందు పాఠంలో క్రియలను ‘తె’ రూపంలోకి మార్చడం సాధన చేశాం. ఇప్పుడు ఆ రెండింటినీ కలిపి, టోక్యో వీధిలో కంటికి కనబడుతున్నదాన్ని ఉన్నది ఉన్నట్టుగా చెప్పడం నేర్చుకుందాం. ‘తె’ రూపం దాదాపుగా మన క్త్వార్థకమే: తబెతె అంటే తిని, సైతె అంటే పూసి, ఫుత్తె అంటే కురిసి. దానికి ‘ఇమస్’ చేరిస్తే ‘పూసి ఉంది’ వంటి అమరిక వస్తుంది. ఇక్కడ ‘ఇమస్’ సహాయక క్రియ మాత్రమే కనుక గత పాఠంలోని ప్రాణం లెక్క దీనికి వర్తించదు. పువ్వుకైనా, సైకిలుకైనా ఇదే వాడాలి. మాట్లాడేటప్పుడు ‘ఇ’ జారిపోయి ‘సైతెమస్’ అని వినబడుతుంది.

చిక్కల్లా అర్థంలోనే ఉంది. తెలుగులో ‘రాలుతోంది’ వేరు, ‘రాలి ఉంది’ వేరు; జపనీస్‌లో రెండింటికీ ఈ ఒక్క రూపమే. కురవడం, కూయడం, ఎదురుచూడడం వంటి కొంతసేపు సాగే పని అయితే అది జరుగుతోందని, తెరుచుకోవడం, పడిపోవడం, రావడం వంటి క్షణంలో ముగిసే మార్పు అయితే దాని ఫలితం నిలిచి ఉందని గ్రహించాలి.

మార్చి చివరి వారంలో మెగురో నది వంతెన మీద నిలబడ్డామనుకోండి. రెండు గట్ల మీదా ‘సకుర గ సైతె ఇమస్’, అంటే చెర్రీ పూలు పూసి ఉన్నాయి. గాలి వీచినప్పుడు ‘హనబిర గ చిత్తె ఇమస్’, రేకులు రాలుతున్నాయి. అవే నీటి మీదికి చేరాక ‘ఉకందె ఇమస్’, తేలుతున్నాయి. టోక్యోలో పూత మొదలైందని వాతావరణ సంస్థ ప్రకటించాలంటే యాసుకుని ఆలయ ప్రాంగణంలోని నమూనా చెట్టుకు 5 లేక 6 పూలు విచ్చుకోవాలి. ఆ తొలి పూతను ‘కైక’ అంటారు. మన రామాయణంలోని కైకతో దీనికి చుట్టరికమేమీ లేదు.

జూన్‌లో ముసురు పట్టాక ‘అమె గ ఫుత్తె ఇమస్’, వాన కురుస్తోంది. దుకాణం గుమ్మం దగ్గరి స్టాండులో ‘కస గ నరందె ఇమస్’, గొడుగులు వరుసగా ఉన్నాయి. అన్నీ ఒకేలా కనిపించే పారదర్శకమైన ప్లాస్టిక్ గొడుగులు కావడంతో, నాది అనుకుని ఇంకొకరిది తెచ్చుకోవడం అక్కడ నాకు మామూలైపోయింది.

ఈ పాఠానికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ ఆగస్టు చివరలో దొరుకుతుంది. ‘సెమి’ అనేది చెట్టు మానును కరచుకుని పగలంతా గీపెట్టే పురుగు. చెట్టు మీద ‘సెమి గ నైతె ఇమస్’, అది అరుస్తోంది. అదే చెట్టు కింద, కాలిబాట మీద వెల్లకిలా పడినదాన్ని చూసి ‘సెమి గ షిందె ఇమస్’ అంటాం. దీన్ని ‘చచ్చిపోతోంది’ అని అనువదిస్తే పూర్తిగా తప్పు. చచ్చి ఉంది అనే అర్థం. వాక్యాల అమరిక ఒక్కటే, క్రియ స్వభావమే వేరు. ఒక్కోసారి కాలు తగలగానే ఆ చచ్చిన సెమి బర్రుమని లేచి ముఖం మీదికి ఎగురుతుంది. అప్పుడు తప్పు వ్యాకరణానిది కాదు.

నవంబరు చివరలో మెయిజీ జింగూ గైఎన్ దారికి ఇరువైపులా ఉన్న 146 ‘ఇచో’ చెట్లు, అంటే గింకో చెట్లు, పసుపు రంగుకు తిరుగుతాయి. నేల మీద ‘హ గ ఒచితె ఇమస్’, ఆకులు రాలి పడి ఉన్నాయి. కళ్ల ముందు ఇంకా రాలుతూ ఉంటే ‘చిత్తె ఇమస్’ అనాలి. ‘ఒచితె’ అంటే వినేవాడు నేల వైపు చూస్తాడు.

రావడం, పోవడం అనే క్రియల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఒకసారి నా మిత్రుడెక్కడని ఇంటావిడ అడిగితే, వస్తున్నాడనే ఉద్దేశంతో ‘కితె ఇమస్’ అన్నాను. ఆవిడ నా వెనక్కి తొంగి చూసి, ఇంకొక జత చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది. నేనన్నదానికి అర్థం అతడు వచ్చి ఉన్నాడని. స్టేషన్లలో రైలు రాబోతుంటే ‘దెన్ష గ మైరిమస్’ అని ప్రకటిస్తారే తప్ప ‘కితె ఇమస్’ అనరు. వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న రైలుకే ఆ మాట.

ఇక వ్యతిరేకార్థం. ‘ఇంకా పూయలేదు’ అనేందుకు మనవాళ్లు భూతకాలం వైపు పరుగెత్తి ‘సకిమసెన్ దెషిత’ అంటారు. అది ముగిసిపోయిన కాలం గురించిన మాట, అంటే ఆ ఏడాది పూయనేలేదని. ‘మద సైతె ఇమసెన్’ అనాలి. ‘మద’ అంటే ఇంకా. తలుపు తీయని దుకాణానికి ‘మద ఐతె ఇమసెన్’.

అభ్యాసంగా ఈ మూడింటిని జపనీస్‌లో రాయండి: సిగ్నలు దగ్గర జనం ఎదురుచూస్తున్నారు (మత్సు), దుకాణం మూసి ఉంది (షిమరు), మంచు ఇంకా కురవలేదు (యుకి, ఫురు). రాసిన ప్రతి వాక్యం పక్కన అది సాగుతున్న పనో, నిలిచిన ఫలితమో గుర్తు పెట్టుకోండి. జవాబులు 10వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ తరువాత, గోడ మీద ఎవరో కావాలని అంటించి ఉంచిన కాగితానికి ‘తె ఇమస్’ కాక ‘తె అరిమస్’ ఎందుకు వస్తుందో చూద్దాం.