నది బార్జిని జలాశయంలోకి దింపాలంటే: సర్వే, రిజిస్ట్రేషన్ దరఖాస్తు విధానం

"ఇంజనే లేదు కదండీ, దీనికి రిజిస్ట్రేషన్ ఏమిటి?" బార్జి (సరుకు మోసే చదును అడుగు పెద్ద పడవ) యజమానులు మొదట అడిగే మాట ఇదే. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టంలో దీనికి సూటి జవాబు ఉంది. సొంత ఇంజను లేకపోయినా సరే, మరో ఇంజను పడవ లాగితేనో నెడితేనో కదులుతూ సరుకునో మనుషులనో మోసే బార్జి కూడా యాంత్రిక నౌక కిందికే వస్తుంది, కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు. పంటు అయినా అంతే. గడ వేసి, తెడ్డు వేసి నడిపే నాటు పడవల దారి వేరు. వాటి లెక్క స్థానిక సంస్థలు చూసుకుంటాయి.

దరఖాస్తు ఫారం కోసం పరుగెత్తే ముందు తేల్చుకోవలసింది జోన్. చాలామంది దీన్ని చివరికి వదిలేసి దెబ్బతింటారు. అల ఎత్తును బట్టి దేశంలోని లోతట్టు జలాలను మూడు జోన్లుగా విభజించారు. మూడో జోన్‌లో అల ఎత్తు 0.6 మీటర్లు దాటదు. రెండో జోన్‌లో 1.2 మీటర్లు, ఒకటో జోన్‌లో 2 మీటర్లు హద్దు. ఏ నీళ్లు ఏ జోన్‌లోకి వస్తాయో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో ప్రకటిస్తుంది. సర్వే అంటే బార్జి నడపడానికి తగినట్టు ఉందో లేదో చేసే తనిఖీ. అది పూర్తయ్యాక మీ చేతికి వచ్చే సర్వే సర్టిఫికెట్ మీద ఆ జోన్ రాసి ఉంటుంది. మూడో జోన్‌కు ఇచ్చిన కాగితం పట్టుకుని రెండో జోన్‌లో తిరిగితే, కాగితం లేనట్టే లెక్క.

నదిలో పదేళ్లు నడిచిన బార్జి జలాశయంలో ఎందుకు నడవదని అడుగుతారు. అక్కడ వరద ఉండదు, సుడి ఉండదు, నీళ్లు నిలకడగా ఉంటాయి కదా అంటారు. నిలకడ నిజమే, గాలి లేనంతసేపు. శ్రీశైలం జలాశయం 885 అడుగుల మట్టానికి నిండితే 600 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుంటుంది. 590 అడుగుల నాగార్జునసాగర్‌ది 285 చదరపు కిలోమీటర్లు. గాలి అడ్డు లేకుండా నీటి మీద ఎంత దూరం పరుగెడితే అల అంత లేస్తుంది. నదిలో ఆ పరుగుకు ఒడ్డు అడ్డం వస్తుంది. పైగా నది బార్జి పొడవుగా, చదును అడుగుతో, నీటికి దగ్గరగా కూర్చునేలా కట్టింది. అల అంచు దాటి సరుకు గదిలో పడిందంటే ఆ నీళ్లు ఒక పక్కకు పరుగెడతాయి. బార్జి అటే ఒరుగుతుంది. ఒరిగిన పక్క నుంచే మరిన్ని నీళ్లు ఎక్కుతాయి.

ఈ తంటా మనకొక్కరికే కాదు. అమెరికాలో ఇల్లినాయిస్ నది నుంచి షికాగో మీదుగా మిషిగాన్ సరస్సులోకి వచ్చే నది బార్జిల కోసం అక్కడి కోస్ట్ గార్డ్ విడిగా నిబంధనలు రాసింది. నీటి మట్టం నుంచి డెక్కు అంచు దాకా తేలి ఉండే ఎత్తును ఫ్రీబోర్డు అంటారు. అది కనీసం 24 అంగుళాలు ఉండాలి. పైన మూత లేని బార్జి అయితే సరుకు గది చుట్టూ ఉన్న గోడ ఎత్తు కూడా కలిపి 54 అంగుళాలు ఉండాలి. బార్జి మీద మనుషులు ఉండకూడదు. లాగే పడవలో తాడును ఉన్నపళంగా తెంపే పరికరం సిద్ధంగా ఉండాలి. మునిగే బార్జి తనతో పాటు లాగే పడవనూ కిందికి తీసుకుపోతుందన్న భయం ఉన్న చోటే ఇలాంటి నిబంధన పుడుతుంది. మన నిబంధనలు వేరైనా, సొంతంగా బార్జి కట్టించుకునేవారు ఈ అంకెలను ఒకసారి తమ బార్జితో పోల్చి చూసుకోవడం మంచిది.

ఇక పద్ధతి. కొత్తగా కట్టిస్తుంటే ఇనుప రేకు కోయించే ముందే డ్రాయింగులకు అనుమతి తీసుకోవాలి. బార్జి బలాన్నో నిలకడనో భద్రతనో మార్చే పని ఏదైనా సరే, ముందస్తు అనుమతి లేకుండా చేయకూడదు. జలాశయం కోసమని పాత బార్జికి చుట్టూ గోడ పెంచడం కూడా అందులోకే వస్తుంది. మంచి పనే చేశాం కదా అని యజమాని అనుకుంటాడు. పైన పెరిగిన బరువు బార్జి నిలకడను మార్చేస్తుందని సర్వేయర్ అంటాడు. ఇద్దరిలో సర్వేయర్ మాటే సరి.

దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారికి వెళుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పడవల అనుమతులు ఒకప్పుడు నీటిపారుదల శాఖ దగ్గర ఉండేవి, తర్వాత పోర్టుల శాఖకు వెళ్లాయి. కాబట్టి పాత మిత్రుడు చెప్పిన కార్యాలయానికి నేరుగా బయలుదేరకుండా, ఇప్పుడు ఎవరు చూస్తున్నారో కనుక్కోండి. ఫారంతో పాటు బార్జి డ్రాయింగులు, నిలకడ లెక్కలు, కట్టిన యార్డు ఇచ్చిన సర్టిఫికెట్, యజమాని గుర్తింపు, లాగే పడవ వివరాలు, లైఫ్ జాకెట్ల వంటి రక్షణ సామగ్రి జాబితా సిద్ధం చేసుకోవాలి. ఫైళ్లు తిరిగొచ్చేది ఎక్కువగా చిన్న తప్పులకే. యార్డు కాగితంలో పొడవు ఒకటి, డ్రాయింగులో మరొకటి ఉంటుంది. బిల్లు తండ్రి పేరున, దరఖాస్తు కొడుకు పేరున ఉంటుంది.

సర్వే రోజున బార్జిని ఖాళీగా, కడిగి, మూతలన్నీ తెరిచి ఉంచండి. నేను దగ్గరుండి చూసిన ఒక సర్వేలో సర్వేయర్ ముందుగా ఇంజను పడవ వైపు చూడనే లేదు. చిన్న సుత్తి తీసుకుని అడుగు రేకు మీద జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోయాడు. ఖంగున మోగినంతసేపు నడుస్తూనే ఉన్నాడు. ఒకచోట శబ్దం మొద్దుబారింది. అక్కడ సుద్దతో సున్నా చుట్టి, మందం కొలిచే పరికరం పెట్టించాడు. తుప్పు తిన్న ఆ పళ్లెమంత ముక్కను మార్చి వచ్చేదాకా సర్టిఫికెట్ ఆగింది. తర్వాత మ్యాన్‌హోల్ మూతల రబ్బర్లను వేలితో నొక్కి చూశాడు. రెండు రబ్బర్లు పిండిలా రాలాయి. రేకు మార్పించడానికి రోజులు పట్టింది, రబ్బర్లు గంటలో అయిపోయాయి. ఈ రెండూ ముందే చూసుకుని ఉంటే సర్వేయర్ రెండోసారి రావలసిన పని ఉండేది కాదు.

సర్వే సర్టిఫికెట్ చేతికి వచ్చాకే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. అది ఒకచోట అయితే దేశమంతటా చెల్లుతుంది. సాగర్‌కు ఒక ఒడ్డు తెలంగాణ, మరో ఒడ్డు ఆంధ్రప్రదేశ్ కాబట్టి ఇది అక్కడ నడిపేవారికి పెద్ద ఊరట. బీమా కూడా తప్పనిసరి. రిజిస్ట్రేషన్ నంబరును బార్జి మీద దూరానికి కనబడేలా రాయించండి. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు పై నుంచి కొట్టుకొచ్చిన ఇనుప పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొట్టి, గేట్లు ఎత్తేందుకు తోడ్పడే బరువు దిమ్మెలైన కౌంటర్‌ వెయిట్లను దెబ్బతీశాయి. అంత నీటిలో తెగొచ్చిన బార్జి ఎవరిదో చెప్పగలిగేది దాని ఒంటి మీది నంబరే. లంగరు, కట్టుతాళ్లు, ఒడ్డున కట్టే గుంజ ఎంత గట్టివో సర్వేయర్ అడగకపోయినా మీరే చూపించండి.

ఆ తర్వాత బార్జిని అమ్మినా, చిరునామా మారినా, మార్పులు చేసినా అధికారికి తెలియజేయాలి. సర్వే కూడా ఒకసారితో తీరదు, గడువు ముగిసేలోపు మళ్లీ చేయించాలి.

ఇంకొకటి, ఫారంలో ఎక్కడా కనిపించనిది. శ్రీశైలం, సాగర్ జలాశయాల ఒడ్లలో చాలా భాగం పులుల అభయారణ్యాలను ఆనుకుని ఉంది. బార్జిని నీళ్ల మీద నడపడానికి వచ్చిన సర్టిఫికెట్‌తో ఆ ఒడ్డున దిగడానికి వీల్లేదు. దానికి అటవీ శాఖ అనుమతి వేరే ఫైలు. సర్వే దరఖాస్తు ఇచ్చిన రోజే దాన్నీ కదిలించండి.