బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందా?

బెంగళూరులో చలి మొదలైందంటే మా మారతహళ్లి పాత అద్దె ఇళ్లలో గ్యాస్ గీజర్లకు పని పెరుగుతుంది. గ్యాస్ లీకైతే వాసన పట్టిస్తుంది, అది కావాలనే కలుపుతారు. గాలి చాలక మంట సరిగా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. కళ్లు తిరిగేసరికి గడియ తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు. చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టేవాళ్లను చూశాను, ఆ పని వద్దు. గీజర్‌ను బయట యుటిలిటీలో (గాలి ఆడే, బట్టలుతికే చోట) బిగించి, వేడినీళ్ల పైపు లోపలికి లాగించుకోవడమే మంచిది. ఓనర్ ఒప్పుకోలేదా? తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకోండి, గీజర్ ఆపండి, కాసేపు గాలి ఆడనిచ్చి అప్పుడు స్నానానికి వెళ్లండి. మంట నీలంగా కాకుండా పసుపుగా కనిపిస్తే మెకానిక్ చూసేదాకా వాడకండి.