టిఫిన్ మానేసే ముందు షుగర్ మాత్ర సంగతి తేల్చుకోండి

పోయిన వారం మా వీధి చివర పార్కులో పొద్దున ఏడింటికి ఒక పెద్దాయన నడుస్తూనే కూలిపోయారు. అందరూ గుండెపోటే అనుకున్నారు. పక్కింటివాళ్ళు గ్లూకోమీటర్ తెచ్చి చూస్తే షుగర్ 46. నుదుటి మీద కుట్లు పడ్డాయి కానీ మనిషి దక్కారు. మందుల చీటీ పట్టుకుని వాళ్ళబ్బాయి మా మెడికల్ షాపుకు వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఆయన ఈమధ్యే రోజూ పదహారు గంటల ఉపవాసం మొదలుపెట్టారు, టిఫిన్ మానేశారు, నడక పెంచారు, షుగర్ మాత్ర మాత్రం ఎప్పట్లాగే నిద్ర లేవగానే వేసుకుంటున్నారు.

ఎండలు ముదరకముందే బరువు తగ్గాలని ఈ నెలలో చాలామంది ఇదే మొదలుపెడతారు. నీళ్ళు తాగండి, నూనె తగ్గించండి లాంటివి మీకు తెలుసు, అవి నేను చెప్పను. కౌంటర్ వెనక నిలబడి నేను పదే పదే చూసిన తప్పు ఒక్కటే: తిండి వేళ మార్చి, మాత్ర వేళ మార్చకపోవడం.

ముందు మాత్రల సంగతి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మీరు నాలుగు ఇడ్లీలు తిన్నా, ఏమీ తినకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. టిఫిన్‌తో వేసుకోమని డాక్టర్ చెప్పింది అందుకే. మాత్ర ఏడింటికి పడి, తిండి మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగితే ఆ ఆరు గంటలూ షుగర్ దిగుతూనే ఉంటుంది, దానికి తోడు నడిచారంటే కండరాలు కూడా రక్తంలో చక్కెరను లాగేసుకుంటాయి, ఆ ప్రభావం నడక ఆపాక కూడా చాలాసేపు ఉంటుంది.

"నాది మెట్‌ఫార్మిన్ ఒక్కటేనండీ" అంటారు చాలామంది. స్ట్రిప్ తిప్పి చూపిస్తే తెల్లబోతారు. మాత్ర పేరు చివర జీ1, జీపీ2 లాంటి అక్షరాలుంటే చాలావరకు అందులో గ్లిమిపిరైడ్ కలిసి ఉన్నట్టే. పెద్ద అక్షరాల పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి, అర్థం కాకపోతే షాపులో అడగండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు మాత్రం ప్రమాదం ఇంకా ఎక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్ళది వేరే భయం. అవి చక్కెరతో పాటు నీటిని కూడా మూత్రంలో పంపేస్తాయి. తిండి బాగా తగ్గించి, ఒంట్లో నీరు కూడా తగ్గితే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవచ్చు, అప్పుడు మీటర్‌లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కూడా కనిపించకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు.

అలాగని మాత్ర మీ అంతట మీరు మానేయకండి. అదీ ఇంతే ప్రమాదం. తిండి వేళ మారుస్తున్నానని డాక్టర్‌కు చెప్పి, ఏ మాత్ర ఎప్పటికి జరపాలి, ఏది తగ్గించాలి అని రాయించుకోండి. రంజాన్ ఉపవాసాలకు ముందే డాక్టర్ దగ్గరకు వెళ్ళి పొద్దుటి డోసును ఇఫ్తార్ వేళకు మార్పించుకునేవాళ్ళు మా షాపుకు వస్తుంటారు. నెల రోజుల ఉపవాసానికే వాళ్ళు అంత జాగ్రత్త పడుతున్నప్పుడు, ఏడాది పొడుగునా చేద్దామనుకుంటున్నవాళ్ళు ఒక్కసారైనా అడగాలి కదా.

ఇక నడక, జిమ్. ఉపవాసం, కొత్త వ్యాయామం ఒకే వారం మొదలుపెట్టకండి. మొదటి రెండు వారాలు నడక దూరం, బరువులు ఏవీ పెంచవద్దు, వీలైతే కాస్త తగ్గించండి. పదహారు గంటలతో కాకుండా పన్నెండుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. అసలు టిఫినే ఎందుకు మానాలో నాకు అర్థం కాదు. పొద్దున నడిచే అలవాటు ఉన్నవాళ్ళు ఎనిమిదింటికి తిని, సాయంత్రం ఐదారింటికల్లా భోజనం ముగిస్తే కూడా ఉపవాసమే. రాత్రి మాత్ర ఉంటే దాని సంగతి కూడా అడగాలి, అంతే.

షుగర్ లేని కుర్రాళ్ళకు భయం తక్కువే. కానీ రెండు పూటల్లో ప్రోటీన్ సరిపోయేలా తినకపోతే తగ్గే బరువులో కండ కూడా పోతుంది. పప్పు, గుడ్లు, పెరుగు, చికెన్, ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. ఉపవాసానికి నోబెల్ వచ్చిందని వీడియోల్లో చెబుతుంటారు. 2016లో జపాన్ శాస్త్రవేత్త ఓసుమికి నోబెల్ వచ్చింది కణాలు తమలోని పాత భాగాలను తామే అరిగించుకునే పద్ధతి మీద, ఆయన కీలక ప్రయోగాలు ఈస్ట్ మీద. దాన్ని చూసి అరవై ఏళ్ళ మనిషి గ్లిమిపిరైడ్ వేసుకుని ఖాళీ కడుపుతో పరుగెత్తకూడదు.

ఇవి గుర్తుపెట్టుకోండి:

తిండి వేళ మారితే మాత్ర వేళ కూడా అడగాలి. మళ్ళీ చెబుతున్నా, అడగాలి.

నడకకు ముందు వేలు గుచ్చి చూసుకోండి. 70 కంటే తక్కువుంటే ఉపవాసం అక్కడితో ఆపి తినండి, నడక ఆ పూటకు లేదు. 70 దాటినా అంచునే ఉండి, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే ఏమైనా తినకుండా బయల్దేరవద్దు.

షుగర్ పడిపోతున్న గుర్తులు: చెమట, వణుకు, కళ్ళు మసకబారడం, ఊరికే కోపం రావడం. నడుస్తుంటే చెమట మామూలే అనుకుని పొరపడతారు. బీపీకి, గుండెకు ఇచ్చే మెటోప్రొలాల్, అటెనొలాల్ వాడేవాళ్ళకు వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు.

షుగర్ పడిపోతే వేసుకోవడానికి జేబులో గ్లూకోజ్ పొడి పెట్టుకోండి. అది లేకపోతే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు వల్ల షుగర్ పెరగడం ఆలస్యమవుతుంది.

ఉపవాసంలో నీళ్ళు మానకండి. ఇది నిర్జల ఏకాదశి కాదు.

బీపీ మాత్రలో ఒంట్లో నీటిని మూత్రంలో పంపేసే క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటే ఎండలో వ్యాయామం వద్దు.

ఖాళీ కడుపున నొప్పి మాత్రలు వద్దు. జిమ్ నొప్పులకైనా సరే.

థైరాయిడ్ మాత్ర వేళను కదపకండి, అది పరగడుపునే వేసుకోవాలి.

ఒంటరిగా నడవకండి. వెంట వచ్చేవాళ్ళకు మీకు షుగర్ ఉందని చెప్పండి.

కళ్ళు తిరిగినట్టుంటే బండి ఎక్కకండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ ఉపవాసం చేయకూడదు.

తిండి వేళ మార్చి మాత్ర వేళ మార్చకపోతే, మిగతావన్నీ పాటించినా మీరు పడిపోవచ్చు.

స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. లేచి కూర్చున్నారు కదా అని ఇంటికి తీసుకెళ్ళిపోకండి. గ్లిమిపిరైడ్ ప్రభావం రోజంతా ఉండొచ్చు, కొన్ని గంటల తర్వాత షుగర్ మళ్ళీ పడిపోవచ్చు. ఆసుపత్రిలో ఉంచమని మీరే పట్టుబట్టండి, మాత్రల స్ట్రిప్ కూడా వెంట తీసుకెళ్ళండి.